పార్టీ ఫండ్ కంపెనీ అకౌంట్ నుంచి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ ఆటోనగర్లో బాడీ బిల్డింగ్ షెడ్డు. ఆరేళ్ల కిందట ప్రైవేట్ లిమిటెడ్ చేశాం. డైరెక్టర్లు నేనూ నా భార్యా, డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి 20 శాతం షేర్లున్నాయి. వాటర్ ట్యాంకర్లు, చెత్త తోలే ట్రాలీలు కడతాం, సగానికి పైగా పని మున్సిపాలిటీలది, పంచాయతీలదే. మొన్న ఒక నాయకుడి మనిషి వచ్చి పార్టీ ఫండ్ కింద 5 లక్షలు ఇవ్వాలి, 3 క్యాష్, 2 మా పార్టీ సావనీర్లో, అదే ప్రత్యేక సంచికలో, యాడ్ కింద రాసుకో అన్నాడు, పైగా ప్రచార రథం ఒకటి ఫ్రీగా కట్టివ్వమంటున్నాడు. ఇంకొకాయన వేరే చిన్న పార్టీకి చెక్కు ఇవ్వండి, 5 శాతం పట్టుకుని మిగతాది క్యాష్ వెనక్కిస్తా, ట్యాక్స్ మిగుల్తుంది అంటాడు. టెండర్ స్పెసిఫికేషన్ మార్పిస్తానని వెలగపూడి సెక్రటేరియట్లో తిరిగే లైజన్ ఆయన 3 శాతం అడుగుతున్నాడు. 2017లో లిమిట్ ఎత్తేశారు, కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చని మా ఆడిటర్ ఆఫీసులో కుర్రాడు చెప్పాడు. బావమరిదేమో ఇవన్నీ ఎందుకు, నేనే ఇక్కణ్ణించి పంపిస్తాలే అంటున్నాడు. వీటిల్లో ఏది చెయ్యొచ్చు? పేరు వెయ్యొద్దు.

సమాధానం: అన్నయ్య గారూ, మీ ఉత్తరంలో ఉన్నవన్నీ వాళ్లు అడిగిన పద్ధతిలో అయితే ఒక్కటి కూడా చెయ్యకూడదు. కానీ కంపెనీ ఒక పార్టీకి విరాళం ఇవ్వడం మాత్రం తప్పు కాదు, ఈ రెండూ కలిపేసుకుని మనవాళ్లు భయపడి దొంగచాటుగా ఇస్తారు, ఇరుక్కునేది అక్కడే. నేను చూసిన చిన్న కంపెనీల్లో ఇచ్చినందుకు చిక్కుల్లో పడ్డవాళ్ల కంటే ఇచ్చినదాన్ని "సేల్స్ ప్రమోషన్", "మిసలేనియస్" అని వేరే పద్దులో తొక్కేసినందుకు పడ్డవాళ్లే ఎక్కువ. కాబట్టి ఒక్కో అడుగూ చూద్దాం, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ కుర్రాడు చెప్పింది. అబద్ధం కాదు, పాత కబురు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 182 అని ఉంది, కంపెనీ రాజకీయ విరాళం అంటే మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. మొదట్లో అందులో లిమిట్ ఉండేది, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో 7.5 శాతం. 2017 ఫైనాన్స్ యాక్ట్‌లో ఎలక్టోరల్ బాండ్లతో (దాత పేరు బయటికి రాకుండా పార్టీలకి ఇవ్వడానికి బ్యాంకులో కొనే పత్రాలు) పాటు ఆ లిమిట్ తీసేశారు, ఏ పార్టీకి ఇచ్చారో చెప్పక్కర్లేదు అని కూడా చేశారు. ఆ తర్వాత 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ బాండ్ల స్కీమ్‌తో పాటు ఈ రెండింటినీ కొట్టేసింది. అంటే ఇప్పుడు మళ్లీ 7.5 శాతమే, మళ్లీ పార్టీ పేరు రాయాల్సిందే. కుర్రాడికి 2017 వరకే తెలిసింది, పాపం అక్కడ ఆగిపోయాడు.

లెక్క ఎలాగంటే, ఉదాహరణకి మీకు మూడేళ్లలో 40 లక్షలు, 60 లక్షలు, 80 లక్షలు లాభం వచ్చిందనుకోండి, సగటు 60 లక్షలు, అందులో 7.5 శాతం అంటే నాలుగున్నర లక్షలు. ఈ నాలుగున్నర ఒక్కో పార్టీకి కాదండోయ్, ఆ ఏడాది అన్ని పార్టీలకీ కలిపి. లాభం కూడా మీ బ్యాలెన్స్ షీట్లో కింద కనపడే నంబర్ గుడ్డిగా తీసుకోకండి, అదే చట్టంలో సెక్షన్ 198 పద్ధతిలో విడిగా లెక్కగట్టడం క్షేమం, ఆ పని ఆడిటర్ గారితోనే చేయించండి, కుర్రాడితో కాదు. మీకు ఆరేళ్లు నిండాయి కాబట్టి ఇంకో అడ్డంకి లేదు, మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ అసలు రూపాయి కూడా ఇవ్వకూడదు, ప్రభుత్వ కంపెనీ అయితే ఎప్పటికీ ఇవ్వకూడదు. షెడ్డు పక్కన ఇంకో కొత్త కంపెనీ పెట్టి దాన్నించి ఇద్దాం అని ఎవరైనా తెలివి చూపిస్తే అందుకే వినకండి.

ఈ లిమిట్ దాటినా, కింద చెప్పే పద్ధతి తప్పినా శిక్ష తేలిగ్గా లేదు, ఇచ్చినదానికి ఐదు రెట్ల దాకా కంపెనీకి జరిమానా, బాధ్యులైన ఆఫీసర్లకి ఆరు నెలల దాకా జైలు, ప్లస్ వాళ్లకి కూడా ఐదు రెట్ల దాకా జరిమానా. 5 లక్షలు తప్పుగా ఇస్తే కంపెనీకి 25 లక్షల దాకా పడొచ్చు. మీ కంపెనీలో ఆఫీసర్లు అంటే ఎవరు, మీరూ, మా వదిన గారూ. ఆవిడ సంతకం పెట్టమన్నచోట పెట్టేసి ఇంట్లోకి వెళ్లిపోయి ఉంటారు, కానీ చట్టానికి ఆవిడ డైరెక్టరే.

అందుకని రెండో విషయం, బోర్డు తీర్మానం. విరాళం ఇవ్వాలంటే బోర్డు మీటింగ్ పెట్టి అందులో తీర్మానం చెయ్యాలి, సర్క్యులేషన్లో కాగితం పంపి సంతకాలు తీసుకుంటే చెల్లదు. మన దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు, మార్చి నెలాఖర్లో ఆడిటర్ ఆఫీసులో కూర్చుని ఏడాది మినిట్స్ అన్నీ ఒక్క పూటలో టైపు కొట్టేసి, అన్ని పేజీల్లో ఒకటే పెన్నుతో సంతకాలు, మీటింగ్‌లో టీ కూడా తాగకుండానే "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది". మామూలు తీర్మానాలకి అది ఎలాగో నడిచిపోతోంది అనుకున్నా దీనికి మాత్రం ఆ పని చెయ్యకండి. ఏడు రోజుల ముందు నోటీసు, నిజంగా మీటింగ్, ఏ పార్టీకి ఎంత, 7.5 శాతం లెక్క కాగితం జతచేసి, 30 రోజుల్లోపు మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. డబ్బు తీర్మానం తర్వాతే కదలాలి. ముందు ఇచ్చేసి తర్వాత తేదీ వెనక్కి వేసి రాస్తే బ్యాంక్ స్టేట్‌మెంటే పట్టిస్తుంది.

ఈ ఏడు రోజుల నోటీసు వల్ల మీకింకో లాభం ఉంది, వచ్చిన మనిషికి చెప్పడానికి మర్యాదైన మాట దొరికింది. "ఇది నా ఒక్కడి డబ్బు కాదండీ, కంపెనీది, బోర్డు పెట్టాలి, నోటీసు ఇవ్వాలి, లెక్క చూడాలి, మీ పార్టీ అకౌంట్ వివరాలు లెటర్‌హెడ్ మీద పంపించండి" అనండి. సగం మంది ఆ లెటర్‌హెడ్ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్లు అడుగుతున్నది పార్టీకి కాదు.

క్యాష్ 3 లక్షలు సంగతి. కుదరదు. అకౌంట్ పేయీ చెక్కు, డీడీ, లేదా బ్యాంక్ ద్వారా ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫర్, ఇంతే దారులు. అటువైపు కూడా చూడండి, పార్టీ ఒకరి దగ్గర 2 వేలకి మించి క్యాష్‌గా తీసుకుంటే ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది, కాబట్టి ఏ పార్టీ ఆఫీసూ మీ 3 లక్షల క్యాష్‌కి రసీదు రాయదు. రసీదు రాయని డబ్బు పార్టీ ఫండ్ ఎలా అవుతుంది? మీ పుస్తకాల్లో కూడా 3 లక్షలు క్యాష్ ఎలా తీశారు అంటే ఏదో రేకుల షాపు దొంగ బిల్లు పెట్టాలి, దాంతో జీఎస్టీ గొడవ మొదలు. ఇంకో మాట, ఎన్నికల కోడ్ ఉన్న టైములో 50 వేలకి మించి క్యాష్ కాగితాల్లేకుండా తీసుకెళ్తే చెక్‌పోస్టులో ఆపేస్తారు, తర్వాత అది జీతాల డబ్బు అని నిరూపించుకోవడానికి బ్యాంక్ స్లిప్పులు పట్టుకుని కమిటీ చుట్టూ తిరగాలి. ఫోన్‌పే చెయ్యండి అని నాయకుడి సొంత నంబర్ ఇస్తే అదీ అంతే, బ్యాంక్ ద్వారా వెళ్లింది కదా అని సంబరపడకండి, వెళ్లింది ఒక మనిషి అకౌంట్‌లోకి, పార్టీకి కాదు.

సావనీర్ యాడ్. ఇది మనవాళ్లందరూ వేసుకునే తెలివైన దారి అనుకుంటారు, యాడ్ ఖర్చే కదా, వ్యాపార ఖర్చు కింద రాసేద్దాం అని. సెక్షన్ 182లోనే చెప్పేశారు, పార్టీ వేసే సావనీర్, బ్రోషర్, కరపత్రం లాంటి వాటిల్లో యాడ్ ఇస్తే అది పార్టీకి ఇచ్చిన విరాళమే. పార్టీ వెయ్యకపోయినా పార్టీకి లాభం చేసే ప్రచురణ అయితే అదీ రాజకీయ విరాళమే. కాబట్టి ఈ 2 లక్షలు కూడా 7.5 శాతంలోకే వస్తాయి, తీర్మానం కావాలి, బ్యాంక్ ద్వారానే పోవాలి. పైగా ఆదాయపు పన్నులో పార్టీ సావనీర్ యాడ్‌ని ఖర్చుగా ఒప్పుకోరు అని 37(2బి) అని విడిగా ఒక నిబంధనే పెట్టారు, 1961 చట్టంలో. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి నంబర్లన్నీ మారాయి గానీ మా నోటికి ఇంకా పాత నంబర్లే వస్తున్నాయి, మీ ఆడిటర్ గారికి కూడా అంతే, ఆయనకి పాత నంబర్ చెప్తే కొత్తది చూసి చెప్తారు.

మీరు అడగలేదు గానీ నాయకుడి పుట్టినరోజుకి పేపర్లో ఫుల్ పేజీ శుభాకాంక్షలు, సెంటర్లో ఫ్లెక్సీ, కింద మీ కంపెనీ లోగో, ఇది కూడా ఇదే కోవలోకి లాగే అవకాశం ఉంది, కాబట్టి కంపెనీ డబ్బుతో వేయించకండి. సీఎస్ఆర్ ఖాతాలో, అంటే కంపెనీ సామాజిక సేవ ఖర్చు కింద, రాద్దాం అన్నా కుదరదు, పార్టీకి ఇచ్చింది సీఎస్ఆర్ కాదని రూల్స్‌లో సూటిగా రాసేశారు.

ఇహ ప్రచార రథం. మీ లైన్లో ఇదే అసలు తలనొప్పి అని నాకు తెలుసు, డబ్బులైతే లేవని చెప్పొచ్చు, షెడ్డులో రేకు కనపడుతోంది, వెల్డర్లు కనపడుతున్నారు, లేదు అని ఎలా అంటారు. బొలెరో ఛాసిస్ తెచ్చి పెట్టి, పైన నిలబడటానికి ప్లాట్‌ఫామ్, చుట్టూ రెయిలింగ్, వెనక నిచ్చెన, సౌండ్ బాక్సులకి ఫ్రేము, జనరేటర్‌కి స్టాండు, పక్కన ఎల్ఈడీ స్క్రీను బిగించడానికి యాంగిల్స్, ఇవన్నీ "మన పార్టీదే కదా అన్నా, చూసుకుందాంలే" అనే మాట మీద చేయించుకుంటారు. ఫ్రీగా చేస్తే కంపెనీ పార్టీకి పరోక్షంగా ఇచ్చినట్టే, విలువ కట్టి లిమిట్‌లో కలుపుకోవాల్సిందే. పన్ను మినహాయింపు మాత్రం రాదు, అది డబ్బు రూపంలో బ్యాంక్ ద్వారా ఇచ్చినదానికే. వాడిన రేకు మీద, పెయింటు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) కూడా ఊరికే ఇచ్చిన సరుక్కి వర్తించదు, వెనక్కి కట్టాలి. అటువైపు అభ్యర్థికి కూడా ఇబ్బందే, మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు లిమిట్ 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు, బండి ఎవరు ఫ్రీగా ఇచ్చినా దాని విలువ అతని ఖాతాలో పడుతుంది, వీడియో టీములు తిరిగి రాసుకుంటాయి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా బయటివాళ్లు అతని ప్రచారానికి ఖర్చు పెట్టడం కూడా నేరమే, పాత ఐపీసీలో 171హెచ్, ఇప్పుడు దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్‌లో 176.

కాబట్టి చెయ్యాల్సింది సింపుల్. వర్క్ ఆర్డర్ తీసుకోండి, వేరే కస్టమర్‌కి వేసే రేటే వెయ్యండి, జీఎస్టీ ఇన్‌వాయిస్ ఇవ్వండి, అడ్వాన్స్ బ్యాంకులో పడ్డాకే రేకు కొయ్యండి. పది శాతం డిస్కౌంట్ అందరికీ ఇచ్చేదైతే వీళ్లకీ ఇవ్వండి, అందులో తప్పు లేదు. బండి బాడీ మార్పులకి రవాణా శాఖ అనుమతి, ప్రచారానికి ఎన్నికల అధికారి అనుమతి వాళ్లే తెచ్చుకోవాలని ఆర్డర్ కాగితంలోనే ఒక లైను రాయించండి, రేపు బండి పట్టుకుంటే కట్టింది ఎవరు అని మీ షెడ్డుకి రాకుండా ఉంటుంది.

సరే ఇప్పుడు మీ ఉత్తరంలో రాయని భయం ఒకటుంది, రాయకపోయినా నాకు కనపడుతోంది. చెక్కుతో ఇస్తే పేరు బయటికొస్తుంది, రేపు ఎదుటి పార్టీ వస్తే ట్యాంకర్ల బిల్లులు ఆపేస్తారు. ఈ భయం అబద్ధం అని నేననను. అవును, బయటికొస్తుంది. మీ లాభనష్టాల ఖాతాలో ఏ పార్టీకి ఎంత ఇచ్చారో రాయాలి, ఆ ఖాతా ఏటా వేసే ఏఓసీ-4 ఫారంతో పాటు ఎంసీఏకి, అదే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకి, వెళ్తుంది, ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. అటువైపు పార్టీ కూడా 20 వేలు దాటి ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు ఎన్నికల సంఘానికి ఏటా రిపోర్ట్ చెయ్యాలి, అవి సంఘం వెబ్‌సైట్లో పెడతారు. ఎలక్టోరల్ ట్రస్ట్ (కంపెనీల దగ్గర విరాళాలు తీసుకుని పార్టీలకి పంచే సంస్థ) ద్వారా ఇస్తే అన్నా పేరు దాగదు, ట్రస్ట్ కూడా దాతల పేర్లు ఇవ్వాలి, పైగా మీ సైజుకి అది అక్కర్లేదు.

దాచడం గురించి బాండ్ల కథ ఒక్కసారి గుర్తుచేసుకోండి. పేరు గుట్టుగా ఉంచుతామని చట్టమే హామీ ఇచ్చింది, పెద్ద పెద్ద కంపెనీలు దాన్ని నమ్మే కొన్నాయి, అప్పట్లో అది చట్టబద్ధమే. 2024 మార్చిలో కోర్టు ఆర్డర్‌తో లిస్టు మొత్తం వెబ్‌సైట్లోకి వచ్చేసింది, కొన్నవాళ్లలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు, ఏ పార్టీకి ఎంత వెళ్లిందో కూడా వారం తిరక్కుండా నంబర్లు కలిపి తేల్చేశారు. చట్టం హామీ ఇచ్చిన రహస్యమే ఐదారేళ్లకి మించి ఆగలేదు, మీ దగ్గరికొచ్చిన మనిషి ఇచ్చే హామీ ఎన్నాళ్లు? ఆ క్యాష్ ఇచ్చారని రేపు ఎదుటి పార్టీకి చెప్పేది కూడా చాలాసార్లు తీసుకెళ్లిన మనిషే, పార్టీ మారి.

మిమ్మల్ని అడిగితే నా సలహా, ప్రభుత్వ టెండర్ల మీద బతికే చిన్న కంపెనీ ఏ పార్టీకీ ఇవ్వకపోవడమే మేలు. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్ విరాళం ఇవ్వకూడదని మన దేశంలో నిషేధమేం లేదు, అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టర్లకి ఉంది, ఇక్కడ లేదు. కానీ విరాళం తేదీకీ వర్క్ ఆర్డర్ తేదీకీ మధ్య పదిహేను రోజులుంటే మీరేం చెప్పినా వినేవాడుండడు. "ఈ కంపెనీ ఏ రాజకీయ పార్టీకీ, అభ్యర్థికీ డబ్బు గానీ సరుకు గానీ ఇవ్వదు" అని బోర్డులో ఒక తీర్మానం చేసి, కాపీ లామినేట్ చేయించి ఆఫీసులో పెట్టుకోండి. నవ్వకండి, పనిచేస్తుంది, అందరికీ ఒకటే సమాధానం కదా, మా పార్టీకి ఎందుకివ్వలేదు అనే ప్రశ్న ఉండదు.

లేదు, నాకు ఆ పార్టీ మీద అభిమానం ఉంది, ఇవ్వాలనుంది అంటే మీ సొంత అకౌంట్ నుంచి, మీ జీతం డబ్బులోంచి, మీ పేరు మీద ఇవ్వండి, దానికి 7.5 లిమిట్ లేదు. కానీ తర్వాత కంపెనీ నుంచి ఆ డబ్బు బోనస్ అనో అడ్వాన్స్ అనో వెనక్కి తీసుకుంటే మళ్లీ కంపెనీ ఇచ్చినట్టే లెక్క. స్టాఫ్ పేర్ల మీద తలా కొంచెం ఇప్పించడం కూడా ఇదే బాపతు.

ట్యాక్స్ మాట వచ్చింది కాబట్టి. కంపెనీ నమోదైన పార్టీకి బ్యాంక్ ద్వారా ఇస్తే ఆదాయపు పన్నులో (పాత నంబర్లే చెప్తున్నా) 80జీజీబీ కింద నూరు శాతం మినహాయింపు, వ్యక్తి ఇస్తే 80జీజీసీ. వినడానికి బాగుంది, కానీ మీ కంపెనీ 22 శాతం రేటు, అదే 115బీఏఏ, ఎంచుకుని ఉంటే ఈ మినహాయింపు రాదు. మీకు పర్సనల్‌గా కొత్త ట్యాక్స్ రెజీమ్ ఉంటే 80జీజీసీ కూడా రాదు. చాలామంది ఇది చూసుకోకుండా ఇచ్చేసి రిటర్న్ వేసేటప్పుడు లబోదిబోమంటారు. మినహాయింపు వచ్చినా 5 లక్షలిస్తే 25 శాతం రేటు మీద లక్షా ముప్పై వేల దాకా మిగుల్తుంది, మిగతా 3 లక్షల 70 వేలు మీ జేబులోంచే.

అందుకే ఆ రెండో ఆయన క్యాష్ వెనక్కిస్తా అంటున్నాడు. ఇది విరాళమే కాదు, పన్ను ఎగవేత. అడ్రస్ లేని చిన్న పార్టీల అకౌంట్లు అడ్డం పెట్టుకుని ఈ దందా చాలా ఏళ్లు నడిచింది. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపులు రాయించే ఏజెంట్ల మీద దేశమంతా సోదాలు చేసింది, ఆగస్టులో ఎన్నికల సంఘం 334 గుర్తింపు లేని పార్టీలని లిస్టులోంచి తీసేసింది, సెప్టెంబర్లో ఇంకో 474. పార్టీ అకౌంట్ పుస్తకం దొరికితే అందులో చెక్కు ఇచ్చిన ప్రతివాళ్ల పాన్ వరసగా ఉంటుంది, నోటీసులు ఇళ్లకి అలాగే వస్తున్నాయి. పన్ను, వడ్డీ, ఆపైన తప్పుడు వివరాలకి 200 శాతం పెనాల్టీ. వెనక్కొచ్చిన క్యాష్ ఏం చేశారు అనేది ఇంకో ప్రశ్న. ఆయన ఫోన్ ఎత్తకండి.

లైజన్ ఆయన 3 శాతం. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే దీనికి పార్టీ చట్టాలతో పనిలేదు, నేరుగా అవినీతి నిరోధక చట్టం. 2018 జులై నుంచి లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే, ఏడేళ్ల దాకా జైలు. నేనివ్వలేదు ఆయనే ఇచ్చాడు అంటే కుదరదు, కంపెనీ తరఫున పనిచేసే ఎవరిచ్చినా సెక్షన్ 9 కింద కంపెనీకి జరిమానా, డైరెక్టర్‌కి తెలిసి జరిగితే సెక్షన్ 10 కింద మూడు నుంచి ఏడేళ్లు. పని చేయిస్తానని డబ్బు తీసుకునే మధ్యవర్తికి 7ఏ అని విడిగా ఉంది. ఎమ్మెల్యేలు, మంత్రులు కూడా ఈ చట్టం కింద పబ్లిక్ సర్వెంట్లే. ఒకవేళ ఎవరైనా బలవంతంగా తీసుకుంటే ఏడు రోజుల్లోపు ఏసీబీకో పోలీసులకో చెప్తే ఇచ్చినవాడికి రక్షణ ఉంది, ఎనిమిదో రోజు లేదు. అది గుర్తుపెట్టుకోండి.

ఆయన బిల్లు మీద "కన్సల్టెన్సీ చార్జెస్" అని రాసి జీఎస్టీ వేసి ఇస్తాను అంటాడు, ఇంకా భయపడండి. ఏం పని చేశాడు, ఏ రిపోర్ట్ ఇచ్చాడు, గంటకెంత, ఇవేవీ లేకుండా కాంట్రాక్ట్ విలువలో 3 శాతం అని బిల్లుంటే అది మీకు రక్ష కాదు, వాళ్లకి సాక్ష్యం.

స్పెసిఫికేషన్ మార్చమని అడగడం మాత్రం మీ హక్కు, మన దేశంలో లాబీయింగ్‌కి ప్రత్యేక చట్టమే లేదు, రిజిస్ట్రేషనూ లేదు. అమెరికాలో త్రైమాసిక రిపోర్టులివ్వాలి, 2012లో వాల్‌మార్ట్ అక్కడిచ్చిన రిపోర్టుల్లో ఇండియా మార్కెట్ ప్రస్తావన కనపడే ఇక్కడ పార్లమెంటులో గొడవైంది, ఇక్కడైతే అలాంటి కాగితమే పుట్టదు. చట్టం లేదు కాబట్టి మీ కాగితం మీరే పుట్టించుకోవాలి. టెండర్లో ట్యాంకుకి ఫలానా గ్రేడ్ స్టీలే ఉండాలి అని పెట్టి మైల్డ్ స్టీల్ కట్టేవాళ్లందర్నీ బయటికి నెట్టారనుకోండి, లేదా మీకు అందని టర్నోవర్ పెట్టారనుకోండి, టెండర్ వేసే ముందు సందేహాలు అడిగే ప్రీ-బిడ్ మీటింగ్ ఉంటుంది కదా, గడువులోపు రాతపూర్వకంగా ప్రశ్న పంపండి, ఎందుకు మార్చాలో టెక్నికల్ కారణం, ఖర్చు తేడా రాసి. దానికి జవాబు, మార్పు ఉంటే సవరణ, బిడ్డర్లందరికీ కనపడేలా ఇవ్వాలి. ఒక్కరే రాస్తే పక్కన పడేస్తారు అనిపిస్తే ఆటోనగర్లో బాడీ బిల్డర్లంతా కలిసి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద మున్సిపల్ శాఖకి వినతిపత్రం ఇవ్వండి, తపాలా సెక్షన్లో స్టాంపు వేయించి కాపీ దాచుకోండి. ఎమ్మెల్యే గారిని కలవడం కూడా తప్పు కాదు, నలుగురు వెళ్లండి, కాగితం ఇవ్వండి, శాలువా కప్పండి, కవరు మాత్రం వద్దు. ఎవరిని ఎప్పుడు కలిశారో ఆఫీసు డైరీలో ఒక లైను రాసుకోండి.

చివరిగా బావమరిది గారు. ముందు ఆయన పాస్‌పోర్ట్ ఏదో అడగండి. అమెరికా సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు ఉన్నాయన అయితే ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఆయన డబ్బు విదేశీ విరాళం, పార్టీలు, అభ్యర్థులు తీసుకోకూడదు. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, గ్రీన్ కార్డ్ మీదే ఉన్నారంటే తన సొంత సేవింగ్స్ నుంచి తన పేరు మీద పార్టీకి ఇచ్చుకోవచ్చు, అది ఆయన ఇష్టం, మీ కంపెనీ పేరు ఆ రసీదు మీద ఉండకూడదు. మీ కంపెనీకి లోన్ పేరుతో పంపిస్తా, అక్కణ్ణించి ఇవ్వు అంటే ససేమిరా వద్దనండి. ఆయన 20 శాతం షేర్ల వల్ల మాత్రం మీ కంపెనీ విదేశీది అయిపోదు, ఆ దిగులు పెట్టుకోకండి.

వచ్చిన మనిషి బెదిరింపుగా మాట్లాడితే, బిల్లులు ఆపిస్తా, షెడ్డు మూయిస్తా అంటే అది విరాళం అడగడం కాదు, బీఎన్ఎస్ 308 కింద బలవంతపు వసూలు. మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి, కాల్ వచ్చిన తేదీ, టైము రాసి పెట్టుకోండి, లోకల్‌గా ఒక మంచి లాయర్ని కలవండి. ఆడిటర్ గారిని అడగాల్సినవి మూడే, మనం 115బీఏఏలో ఉన్నామా, గత మూడేళ్ల సెక్షన్ 198 లాభం ఎంత, పాత పుస్తకాల్లో సావనీర్ యాడ్‌లు గానీ నాయకుల ఫ్లెక్సీలు గానీ ఏ పద్దులో రాశాం. మూడోది అడిగినప్పుడు ఆయన మొహం ఎలా పెడతారో చూసి మళ్లీ ఉత్తరం రాయండి, అందులో ఏమైనా ఉంటే సరిచేసుకునే దారి విడిగా చెప్తాను.